జిప్ ఫైల్లో పాత పోస్టులు

సెలవు కదా అని, ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పని ముందేసుకున్నాను. సోషల్ నెట్‌వర్క్‌లో ఇన్నేళ్లూ రాసినవన్నీ బయటికి తీసి, సొంత డొమైన్ (సైటు చిరునామా) కొనుక్కుని, వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన నా సైటులో పెట్టుకోవడం. నిన్న రాత్రి డేటా కావాలని అడిగి పడుకుంటే పొద్దున లేచేసరికి లింకు వచ్చింది. ఇది వాళ్ల దయేమీ కాదు. 2018 మే నుంచి ఐరోపాలో అమలవుతున్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టంలో 20వ అధికరణం, ఎవరి డేటా వాళ్లకి కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇచ్చి తీరాలంటుంది.

జిప్ విప్పి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు! అంతా పిచ్చి గీతలు. కాసేపు టెన్షన్ పడ్డాను గానీ, రోగం చిన్నదే. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో 'అ' లాంటి ఒక్కో తెలుగు అక్షరానికీ మూడు బైట్లు పడతాయి. ఫైలు తయారుచేసిన ప్రోగ్రాం ఆ మూడింటినీ మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలనుకుని రాసేసింది. తిరిగి కలపడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క వరుస చాలింది. ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకి ఈ గొడవే తెలియదు. తేదీలు మాత్రం 1970 జనవరి 1 నుంచి లెక్కగట్టిన సెకన్లలో ఉన్నాయి, వాటినీ మార్చుకున్నాను.

అసలు తంటా కామెంట్లతో వచ్చింది. నేను రాసినవి ఉన్నాయి, అవతలివాళ్లవి లేవు. "అదే కదండీ నేనూ అంటున్నది" అని ఒకచోట ఉంది. ఏది? ఎవరితో? "మీరు చెప్పాక ఒప్పుకోక తప్పట్లేదు" అని ఇంకోచోట. నన్ను అంతగా ఒప్పించిన మాటేమిటో తెలుసుకోవాలని చాలాసేపు వెతికాను. దొరకలేదు. వాళ్ల మాటలు వాళ్లవి, నా జిప్‌లో ఉండకపోవడమే న్యాయం. అయినా ఆ పోస్టుల్లో సగం విలువ కింద జరిగిన వాదనల్లోనే ఉండేది. ఇప్పుడవి ఫోన్లో ఒకవైపు మాటలు విన్నట్టున్నాయి.

"నీ సైటులో ఎవరు చదువుతారు?" అంది చెల్లి. తక్కువమందే, ఒప్పుకుంటాను. కానీ సోషల్ నెట్‌వర్క్‌లూ మూతపడతాయి: 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్, 2019 ఏప్రిల్ 2న గూగుల్ ప్లస్ మూతపడ్డాయి. ముందే చెప్పారు, డౌన్‌లోడ్ చేసుకోమని గడువూ ఇచ్చారు. ఆ గడువు ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు? అందుకని ఇకనుంచి రాసేది ముందు నా సైటులో రాసి, లింకు మాత్రం సోషల్ నెట్‌వర్క్‌లో ఇస్తాను. వేర్వేరు సైట్లని కలిపే యాక్టివిటీపబ్ ప్లగిన్ కూడా పెట్టాను, మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు అక్కడినుంచే ఫాలో అవ్వొచ్చు.

అన్నీ మోసుకురాలేదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, క్రికెట్ స్కోర్ల మీద చిందులు, ఎవరివో షేర్ చేసిన సూక్తులు వదిలేశాను. స్నేహితులున్న ఫోటోలు వేరే ఫోల్డర్లో పెట్టాను. సోషల్ నెట్‌వర్క్‌లో అవి మా పదిమందికే కనిపించేవి. నా సైటులో పెడితే సెర్చ్‌లో ఎవరికైనా దొరుకుతాయి. అడక్కుండా పెట్టడం కుదరదు. ఇద్దరికి మెసేజ్ పెట్టాను. ఒకతను సరేనన్నాడు, ఇంకొకామె ఫోటో చూపించమంది.