ఐదేళ్లలో రెండు పట్టాలు: న్యూట్రిషన్ చదువులో మిగిలే ఏడాది ఎక్కడిది?

ఇంటర్ బైపీసీ ఫలితాలు రాగానే మిర్యాలగూడ నుంచి వనపర్తి దాకా ఫ్లెక్సీలు లేస్తాయి, వాట్సాప్‌లో కన్సల్టెన్సీల మెసేజ్‌లు మొదలవుతాయి. "బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ కలిపి ఐదేళ్లలోనే" అన్న మాట వాటిలో ఇప్పుడు న్యూట్రిషన్‌కు కూడా వినిపిస్తోంది. నీట్‌లో సీటు రాని పిల్లల తల్లిదండ్రులు ఇటు చూస్తున్నారు. చూడటం మంచిదే, ఈ చదువుకు మన జిల్లాల్లో చేతినిండా పని ఉంది. అయితే ఆ ఐదేళ్ల లెక్కకు అమెరికాలో ఒక అర్థం, తెలంగాణలో ఇంకో అర్థం.

అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు, మాస్టర్స్ రెండేళ్లు. విడివిడిగా చదివితే ఆరు, కలిపి చదివితే ఐదు. ఏడాది నిజంగానే కలిసొస్తుంది. మన దగ్గర డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. విడివిడిగా చదివినా ఐదే అవుతుంది. కాబట్టి ఇక్కడ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరితే కాలం ఏమీ మిగలదు. మధ్యలో పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసే పని తప్పుతుంది, పీజీ సీటు ముందే ఖాయమవుతుంది. అది తక్కువ లాభమేమీ కాదు. కానీ మూడేళ్ల తర్వాత ఇంకో చోటికి వెళ్లే వీలును మీరు వదులుకుంటున్నారు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అందరూ ఎన్ఐఎన్ అంటారు. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చెబుతారు. మంచి బీఎస్సీ చేసిన పిల్లకు ఆ ప్రవేశ పరీక్ష రాసే దారి తెరిచి ఉంచడం, నా దృష్టిలో, సీటు గ్యారంటీ కంటే గొప్పది. అందుకే ఇంటిగ్రేటెడ్‌లో చేరే ముందే అడగాల్సిన మొదటి ప్రశ్న: మూడేళ్లకు బయటికి వస్తే పూర్తి బీఎస్సీ పట్టా చేతికిస్తారా, లేదా?

జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక లెక్క ఇంకాస్త చిక్కుపడింది. దాన్ని అనుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) వేసిన లెక్క ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. నాలుగేళ్లు చదివినవాళ్లకు పీజీ ఒక్క ఏడాది, మూడేళ్లు చదివినవాళ్లకు రెండేళ్లు. కాగితం మీద 4+1 అన్నా 3+2 అన్నా ఐదే. చిక్కంతా ఏడాది ఎమ్మెస్సీ న్యూట్రిషన్ మీకు అందేచోట ఉందా అన్నదే. లేకపోతే నాలుగో ఏడాది ఆనర్స్ చేసి, మళ్లీ రెండేళ్ల ఎమ్మెస్సీలోనే చేరాలి. మొత్తం ఆరేళ్లు. సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కాలేజీ వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. అక్కడ బీఎస్సీ ఆనర్స్ నాలుగేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. అక్కడి చదువు గట్టిది, కానీ ఐదేళ్లలో అయిపోతుందనుకుని చేరొద్దు. నాలుగో ఏడాదితో ఒక లాభం ఉంది: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు. పరిశోధన వైపు మనసున్న పిల్లలకు ఇది పనికొస్తుంది. దవాఖానలో డైటీషియన్ అవుదామనుకునేవాళ్లకు దీంతో పెద్దగా పని లేదు.

నిజంగా కాలాన్ని తగ్గించేది 2024 చివర్లో యూజీసీ ప్రకటించిన యాక్సిలరేటెడ్ డిగ్రీ విధానం. మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో, నాలుగేళ్లదాన్ని ఆరు లేక ఏడు సెమిస్టర్లలో ముగించవచ్చు. మంజూరైన సీట్లలో పది శాతం వరకే ఈ అవకాశం. మొదటి లేదా రెండో సెమిస్టర్ అయ్యాక కమిటీ చూసి ఎంపిక చేస్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్ మీద తక్కువ కాలంలో పూర్తిచేశారని ఒక వాక్యం ఉంటుంది తప్ప పట్టా విలువ ఏమాత్రం తగ్గదు.

క్రెడిట్ల లెక్క ఒకసారి వేసి చూడండి. సెమిస్టర్‌కు 20 చొప్పున మొదటి రెండింటిలో 40 అయిపోతాయి. మిగిలిన 80 క్రెడిట్లు మూడు సెమిస్టర్లలో లాగాలి, అంటే సెమిస్టర్‌కు దాదాపు 27. థియరీ క్రెడిట్‌కు వారానికి గంట, ప్రాక్టికల్ క్రెడిట్‌కు రెండు గంటలు. 27లో ఏడు ప్రాక్టికల్స్ అనుకుంటే వారానికి 34 గంటలు తరగతిలో, ల్యాబులోనే గడుస్తాయి. రికార్డు రాయడం, చదువుకోవడం, ఇంటర్నల్స్ దీనికి అదనం. దేవరకొండ నుంచో కల్వకుర్తి నుంచో రోజూ బస్సులో వచ్చిపోయే పిల్లకు ఇది మోయలేని బరువు. హాస్టల్ దొరికితేనే ఆలోచించాలి. ఇంకో అడ్డంకి ఎవరూ ముందు చెప్పరు. జిల్లా కాలేజీల్లో ఐదో సెమిస్టర్ పేపర్లు జూన్‌లో, ఆరోదానివి డిసెంబర్‌లో మొదలుపెట్టి చెబుతారు తప్ప విడిగా చెప్పరు. ఒకే సెక్షన్, ఒకరిద్దరు లెక్చరర్లు ఉన్నచోట ఒక్క విద్యార్థి కోసం పేపర్‌ను ముందుకు జరపరు. యూజీసీ ఒప్పుకోవడం వేరు, యూనివర్సిటీ అమలు చేయడం వేరు, మీ కాలేజీ టైంటేబుల్‌లో అది పట్టడం ఇంకా వేరు. ఈ మూడూ ఉన్నాయో లేవో డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో ఆప్షన్ పెట్టకముందే ప్రిన్సిపాల్‌ను అడగాలి.

ఎక్కడ చదివినా చూడాల్సింది ఒకటే: తగ్గించిన ఏడాది ఎక్కడినుంచి తీశారు? భాషల పేపర్లు, ఎలెక్టివ్‌లు కలిపేసి తీస్తే నష్టం లేదు. రెండు కోర్సుల్లోనూ వచ్చే పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్ ఒకసారే చెప్పి తీసినా మంచిదే. బయోకెమిస్ట్రీ ల్యాబు నుంచో, దవాఖాన గంటల నుంచో తీస్తే ఆ పట్టా పట్టుకుని వార్డులోకి వెళ్లలేరు.

బయోకెమిస్ట్రీ మన నేలకు ఎంత దగ్గరో చెప్పాలి. 1973లో ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే జెను వాల్గమ్ గురించి వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, తిండిలో కాల్షియం తక్కువ కావడం కూడా ఆ వంకరకు తోడవుతుందన్నది ఈ ప్రాంతాల పరిశోధనలు నేర్పిన సంగతి. అంతకుముందు 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నలే ప్రధాన తిండిగా ఉన్నవాళ్లలో కనిపించే పెల్లాగ్రాకు (నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు), జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి సంబంధం ఉందని ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చర్చ చాలా నడిచింది. ఇలాంటివి గైడు చదివి పాసయ్యే పాఠాలు కావు. జొన్నరొట్టె మంచిదా కాదా అని అడిగిన పెద్దమ్మకు జవాబు చెప్పాలంటే నియాసిన్, ట్రిప్టోఫాన్, ల్యూసిన్ దారులు తెలిసి ఉండాలి. రొట్టెతో పప్పు, పెరుగు ఎందుకు ఉండాలో వివరించగలగాలి.

దవాఖాన గంటల సంగతికొస్తే, తీవ్ర పోషకాహార లోపంతో చేరిన పసిబిడ్డను తీసుకోండి. బరువు ఆరు కిలోలు, ఒంటి మీద వాపు లేదు. మొదటి దశలో ఇచ్చేది ఎఫ్-75 పాలు, 100 మిల్లీలీటర్లకు 75 కిలోక్యాలరీలు. కిలోకు రోజుకు 130 మిల్లీలీటర్ల చొప్పున 780. రెండు గంటలకోసారి, పన్నెండుసార్లు పంచితే ఒక్కోసారి 65. అదే బిడ్డకు వాపు బాగా ఉంటే కిలోకు 100 చొప్పునే లెక్క కడతారు, అప్పుడు ఒక్కోసారి 50. లెక్క తేలికే. బిడ్డ సగం తాగి కక్కినప్పుడు ఎంత కలపాలి, రాత్రి రెండింటి ఫీడు తప్పకుండా ఎవరు చూడాలి, ఆకలి ఎప్పుడు తిరిగొచ్చిందని చెప్పి 100 క్యాలరీల ఎఫ్-100కు మారాలి, ఇవి వార్డులో నిలబడితేనే వస్తాయి. "పిల్ల బక్కగుంది, బలమైన తిండి పెట్టండి" అని తొందరపడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోవచ్చు, గుండె మీద ఒత్తిడి పెరగొచ్చు, ప్రాణానికే ముప్పు. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఇప్పుడు మెడికల్ కాలేజీలు ఉన్నాయి కాబట్టి బోధనాసుపత్రిలో ఇంటర్న్‌షిప్ మన జిల్లాలోనే అడగడానికి వీలుంది. కోర్సువాళ్లు "ఇంటర్న్‌షిప్ ఉంటుంది" అంటే సరిపోదు. ఏ దవాఖాన, ఎన్ని వారాలు, ఏ విభాగాలు, లాగ్‌బుక్ మీద ఎవరు సంతకం పెడతారు అన్నది కాగితం మీద చూపించమనండి.

ఎందుకంటే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు పీజీ చదువుతోపాటు ఆరు నెలల హాస్పిటల్ ఇంటర్న్‌షిప్ కావాలి. కోర్సులో నాలుగైదు వారాలే ఉంటే మిగతాది పట్టా వచ్చాక చేయాలి, అప్పుడు ఐదేళ్లు ఐదున్నర అవుతాయి. 2021 అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా ఉన్నారు. హెల్త్‌కేర్ వృత్తి డిగ్రీకి ఆ చట్టం కనీసం 3,600 గంటలు అంటోంది. గంటల లెక్క సిలబస్‌లో స్పష్టంగా లేని కోర్సు రేపు రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది పెట్టవచ్చు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఫుడ్ అండ్ న్యూట్రిషన్, డైటెటిక్స్ కోర్సుల ప్రవేశాలను 2025 విద్యా సంవత్సరం నుంచి యూజీసీ ఆపేసింది. ఇంట్లో కూర్చుని రెండు పట్టాలు అని ఎవరైనా ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఇక అమెరికా దారి. అక్కడ కలిపి చదివే కోర్సుకు మామూలుగా మూడో ఏడాదిలో దరఖాస్తు పెట్టుకుంటారు. చాలాచోట్ల జీపీఏ (మార్కుల సగటు) 4కు 3.0 అడుగుతారు, 9 నుంచి 12 దాకా మాస్టర్స్ క్రెడిట్లను రెండు పట్టాల్లోనూ లెక్కేస్తారు. మిగిలే కాలం అందులోంచే వస్తుంది. ఇది ఆ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతున్నవాళ్లకే. ఇక్కడ బీఎస్సీ చేసిన పిల్ల ఆ 4+1లో మధ్యలో చేరలేదు, నేరుగా ఎంఎస్‌కే పెట్టుకోవాలి. ఇంటర్ తర్వాతే పంపేవాళ్లకు మాత్రమే ఇది వర్తిస్తుంది.

అక్కడ ఎక్కువమంది దెబ్బతినేది కోర్సు పేరు దగ్గర. న్యూట్రిషనల్ సైన్సెస్‌లో 4+1 చేసినంత మాత్రాన డైటీషియన్ కారు. 2024 జనవరి 1 నుంచి అక్కడి రిజిస్ట్రేషన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ తప్పనిసరి. దానితోపాటు ఏసెండ్ (అక్కడ డైటెటిక్స్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సు, కనీసం 1,000 గంటల పర్యవేక్షిత శిక్షణ, కోర్సు పూర్తిచేశారని ఇచ్చే వెరిఫికేషన్ స్టేట్‌మెంట్ ఉండాలి. శిక్షణ కోర్సులోనే కలిసి ఉందా, విడిగా ఇంటర్న్‌షిప్‌కు మళ్లీ పోటీపడాలా అన్నది ఏసెండ్ వెబ్‌సైట్‌లో ఆ కోర్సు పేరు కొట్టి చూసుకోవాలి. వారానికి 40 గంటల చొప్పున వెయ్యి గంటలంటే 25 వారాలు. అవి ఐదేళ్లలో ఎక్కడ పట్టాయో సెమిస్టర్ పట్టికలో కనిపించాలి. చాలాసార్లు అవి వేసవిలోకి వస్తాయి, వేసవి ట్యూషన్ వేరే కట్టాలి.

వీసా సంగతి రెండు మాటల్లో. విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే కోర్సు కోడ్ చూడండి. న్యూట్రిషన్ సైన్సెస్ 30.1901 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టి 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) తర్వాత 24 నెలల పొడిగింపు అడగొచ్చు. డైటెటిక్స్ 51.3101 ఆ జాబితాలో లేదు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో పక్కపక్క కోర్సులకు వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. డబ్బు విషయంలో ఇంకో చిక్కు: నాలుగో ఏడాది ముగిసి గ్రాడ్యుయేట్ విద్యార్థిగా మారిన రోజు డిగ్రీ స్కాలర్‌షిప్ చాలాచోట్ల ఆగిపోతుంది, ఫీజు రేటు కూడా మారుతుంది. ఐదో ఏడాది ఫీజును విడిగా రాయించుకుని, బ్యాంకు లోన్ ఆ మొత్తానికి పెట్టుకోవాలి.

ఇక్కడే చదివి తర్వాత వెళ్లాలనుకునేవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది, మొదటి సెమిస్టర్ నుంచే. డిజిలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీసి, ప్రతి ఫలితం తర్వాత క్రెడిట్లు అందులో పడ్డాయో లేదో చూడాలి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఒకేలా లేకపోతే అవి పడవు. సరిచేయించడానికి నెలలు పడుతుంది. ఏ ఏడాది సిలబస్ ఆ ఏడాదే కాలేజీ ముద్రతో తీసుకుని దాచుకోవాలి. మన పట్టా అక్కడ దేనికి సమానమో తేల్చే క్రెడెన్షియల్ మదింపులో ఒక్కో పేపర్‌లో థియరీ ఎంత, ల్యాబ్ ఎంత అని అడుగుతారు. నాలుగేళ్ల తర్వాత పాత సిలబస్ కాలేజీ ఆఫీసులో దొరకదు, యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ అసలు ప్రతి కాలేజీకి ఇచ్చేయాల్సి వస్తే, ఇచ్చేముందు ప్రతి పేజీ స్కాన్ చేయించి, దవాఖాన సూపరింటెండెంట్ సంతకంతో గంటల మొత్తం రాసిన లెటర్ విడిగా తీసుకోండి.