బిల్డర్ మీద ఆర్బిట్రేషన్‌కి వెళ్లిన నా అనుభవం

బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌కి సబ్‌కాంట్రాక్ట్‌లో సివిల్ పని చేశాను. పనంతా అయ్యాక ఫైనల్ బిల్లూ, పని నడుస్తుండగా పెట్టే ప్రతి ఆర్‌ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లులో హామీగా పట్టుకున్న రిటెన్షన్ డబ్బూ రెండూ ఆపేసి, లేటు చేశావు కాబట్టి ఎల్‌డీ (ఆలస్యానికి పరిహారం) కోస్తున్నాం అన్నారు. అగ్రిమెంట్‌లో ఏమో గొడవొస్తే వాళ్ల ఎండీ పెట్టిన మనిషే ఆర్బిట్రేటర్ (కోర్టు బయట గొడవ తేల్చే మనిషి) అని ఉంది, అంటే తీర్పు చెప్పేవాడూ వాళ్లవాడే!

మా లాయర్‌ మేడంది కర్నూలు, ఇక్కడే ప్రాక్టీసు. 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక అలా ఒక పక్షమే ఏకైక ఆర్బిట్రేటర్‌ని పెట్టడం చెల్లదన్నారు. ముందు గొడవని ఆర్బిట్రేషన్‌కి తీసుకెళ్తున్నామని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 21 నోటీసు పంపాం. అది అవతలివాళ్లకు అందిన రోజే కేసు మొదలైనట్టు లెక్క, మామూలుగా మూడేళ్ల లిమిటేషన్ (కేసు వేసే గడువు) లోపల అందాలి, "వచ్చే నెల చూద్దాం" అంటూ వాళ్లు తిప్పుకునే రోజులు కూడా ఆ మూడేళ్లలోంచే పోతాయి. 30 రోజులైనా జవాబు లేదు, హైకోర్టుకెళ్తే ఒక రిటైర్డ్ జడ్జిని ఆర్బిట్రేటర్‌గా వేశారు. హియరింగులు రేస్ కోర్స్ రోడ్డు ఖనిజ భవన్‌లోని ఆర్బిట్రేషన్ సెంటర్‌లో.

క్లెయిములు, జవాబులు ఆరు నెలల్లో, ఆ తర్వాత పన్నెండు నెలల్లో అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) అని చట్టం. వాళ్లు జవాబు వెయ్యకుండా గడువు అడిగితే ఆర్బిట్రేటర్ ఇచ్చారు, నాకు ఒళ్లు మండింది. "అన్నా, తమ మాట వినలేదని వాళ్లు రేపు అవార్డు కొట్టెయ్యమని సెక్షన్ 34లో కోర్టుకు పోతే మన అవార్డే ఎగిరిపోతుంది, ఇవ్వనీ" అన్నారు మేడం.

తర్వాత హియరింగ్ రేపనగా సాయంత్రం వాళ్లనుంచి ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. బేస్‌మెంట్ ప్లాస్టరింగ్ కొలతలు తగ్గించి ఉన్నాయి, మా సూపర్‌వైజర్ సంతకం పెట్టాల్సిన గడి ఖాళీ. ఈసారి గడువు మేం అడిగాం, అదే ఆర్బిట్రేటర్ మాకూ ఇచ్చారు. ఇద్దరూ సంతకం పెట్టిన ఎంబీ (కొలతల పుస్తకం) కాపీలు తీసి, వాళ్ల ఇంజినీర్‌ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తే ఆ కొలతలప్పుడు తను సైట్లోనే లేనన్నాడు.

ఇంతలో పన్నెండు నెలలు దగ్గరపడ్డాయి. ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు, లేదంటే కోర్టుకే పోవాలి. మొదట వాళ్లు నాన్చారు, ఆలస్యం ఎవరివల్లో ఆర్బిట్రేటర్ ఆర్డర్లో రాయించాక ఒప్పుకున్నారు.

రిటెన్షన్ మొత్తం, ఫైనల్ బిల్లులో చాలావరకు వచ్చింది. డ్రాయింగులు వాళ్లే లేటుగా ఇచ్చారని ఎల్‌డీ కొట్టేశారు. రాతపూర్వక ఆర్డరు లేని ఎక్స్‌ట్రా ఐటమ్స్ మాత్రం పోయాయి. వాళ్లు మూడు నెలల గడువు చివర్లో సెక్షన్ 34 వేశారు, కానీ 2015 సవరణ తర్వాత అది వేసినంత మాత్రాన స్టే రాదు. కోర్టు డబ్బు డిపాజిట్ చెయ్యమంది, అది కట్టాకే స్టే.