నాన్న సిస్టమ్‌కి కొత్త ఓఎస్, పాత కీబోర్డు

మా నాన్న సిస్టమ్ 2014లో కొన్నది. ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది కదా, స్క్రీన్ మీద ఆ మెసేజ్ చూసి కంగారుపడి ఫోన్ చేశారు, "ఇంక ఇది పారేయాల్సిందేనా అమ్మా" అని. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచీ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, మా దాంట్లో రెండూ లేవు. అడ్డదారిలో ఎక్కించొచ్చు గానీ అప్‌డేట్లకి గ్యారంటీ లేదు, ఆయన బ్యాంకు పనులు చేసుకునే సిస్టమ్‌లో అలా పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే విండోస్‌కి బదులుగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లైనక్స్ మింట్ 22 అనుకున్నా, పాత మెషీన్లకి తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. డబ్బు కట్టక్కర్లేదు, 2029 దాకా అప్‌డేట్లొస్తాయి.

సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరెళ్లినప్పుడు క్యాబినెట్ విప్పాను. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది, మూలన బల్లి గుడ్ల పెంకులు రెండు. బ్రష్షుతో దులిపి ఇంకో 4 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, చాలా వేగమైన స్టోరేజ్) పెట్టాను. స్పీడు నిజంగా మారింది ఎస్ఎస్‌డీ వల్లే, మీరు ఒక్కటే కొనగలిగితే అదే కొనండి.

కానీ అంతకంటే ముందు ఒక రోజంతా పాత విండోస్‌లోనే కూర్చున్నా. నాన్న రిటైరైనప్పట్నుంచి మా ఊరి కబుర్లన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో టైప్ చేసి పెట్టుకున్నారు. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూనే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది అంతే, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. పేజ్‌మేకరేమో లైనక్స్‌లో మామూలుగా నడవదు. అందుకని ఒక్కో ఫైలూ తెరిచి పీడీఎఫ్ చేశాను, టెక్స్ట్‌ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను, వత్తులు అక్కడక్కడా తప్పుపోతే నాన్న పక్కన కూర్చుని చదువుతూ చెప్పారు, నేను దిద్దాను. దయచేసి ఈ పని చెయ్యకుండా ఎవరూ ఫార్మాట్ కొట్టకండి. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫైళ్లు ఉండే ఉంటాయి. పాత హార్డ్ డిస్క్ అలాగే పీకి, తేదీ రాసి బీరువాలో పెట్టాం.

ఇన్‌స్టాల్ అరగంటలో అయిపోయింది, చెప్పడానికేం లేదు. నా భయమంతా టైపింగ్ గురించే. ఆయన వేళ్లకి అలవాటైంది యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ (ఏ మీటకి ఏ అక్షరమో చెప్పే అమరిక), ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్ నేర్చుకోమని ఎలా చెప్తాం? లైనక్స్‌లో వేరే భాషలు టైప్ చేయడానికి వాడే ఐబస్‌లో ఎం17ఎన్ అనే లేఅవుట్ల ప్యాకేజీ వేసి తెలుగు కింద చూస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్‌లతో పాటు యాపిల్ కూడా ఉంది! ఎవరు పూనుకుని చేర్చారో గానీ వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నాన్న కళ్లజోడు సర్దుకుని, కీబోర్డు వైపు చూడకుండా "కాలవ గట్టు" అని కొట్టారు. వత్తుతో సహా సరిగ్గా పడింది. ఇంకోసారి కొట్టి చూసుకున్నారు. సాయంత్రం నేను హైదరాబాద్ బస్సెక్కే టైముకి ఆ కాలవ గట్టు మీదే రెండు పేజీలు అయిపోయాయి.