ఆల్టో మైలేజీ 18 నుంచి 11.8కి: ఐదు ట్యాంకుల లెక్క

మా ఆల్టో 2008 మోడల్. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే రకం). మీటరు 1,18,000 దాటింది. 2023లో ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యూవల్ చేయించాం కాబట్టి అప్పటిదాకా నడుపుదామనే ఉంది. ఈ కార్తీక మాసంలో నలుగురం కోటప్పకొండ వెళ్తే ఘాట్‌లో సెకండ్ గేర్‌కి మొరాయించింది. ఏసీ కట్టేసి, ఫస్ట్ వేసి, వెనక బస్సు హారన్ మోగిస్తుంటే ఎలాగో పైకి చేరాం. గుంటూరు తిరిగొచ్చాక పెట్రోలు లెక్క చూసుకుంటే అసలు టెన్షన్ మొదలైంది.

నవంబర్ 19, మొదటి ట్యాంకు

312 కిలోమీటర్లకు 26.4 లీటర్లు, అంటే లీటరుకు 11.8 కి.మీ. ఒకప్పుడు ఇదే దారుల్లో 18 ఇచ్చిన బండి. లెక్క పద్ధతి ఒకటే: అదే బంకు, అదే పంపు, నాజిల్ దానంతటది కట్ అయ్యాక ఒక్క చుక్క కూడా ఎక్కువ కొట్టించకూడదు. రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టిస్తే లెక్క పోయినట్టే.

ఇంట్లో అందరూ తప్పంతా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మీదకు తోశారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే మైలేజీ ఆరేడు శాతం తగ్గాలి, 18 కాస్తా 16.8 కావాలి. మనకు పోయింది 34 శాతం. మిగతాది ఎక్కడికి పోతోందన్నదే ప్రశ్న.

నవంబర్ 20

ఆటోనగర్‌లో ఒకాయన శబ్దం విని, "రింగులు పోయాయి సార్, ఇంజన్ దించాల్సిందే" అన్నాడు. పిస్టన్ రింగులు పోతే సిలిండర్‌లో ఒత్తిడి పడిపోతుంది కాబట్టి ముందు ఆ ఒత్తిడి (కంప్రెషన్) చూడమన్నాను. వరసగా 168, 165, 160 పీఎస్‌ఐ. సిలిండర్ల మధ్య తేడా పది శాతం కూడా లేదు. దాంతో ఇంజన్ దించే మాట పక్కకు పోయింది.

అసలు సంగతి స్పార్క్ ప్లగ్గులు చెప్పాయి. మూడూ నల్లగా ఉన్నాయి, వేలితో రుద్దితే కాటుకలా అంటింది. ఆయిల్ మండుతుంటే తడిగా, జిడ్డుగా ఉండేది. ఇది పొడి మసి, అంటే గాలికి తగ్గ పాళ్ల కంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. కొత్త ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ వేసి, టైర్లలో గాలి డోర్ మీద స్టిక్కర్‌లో ఉన్నంత పట్టించాను. రెండో ట్యాంకు: 298 కి.మీ., 24.9 లీటర్లు. 12.0. ఖర్చు దండగ అనను గానీ జబ్బు ఇది కాదు.

నవంబర్ 30

చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో వదిలితే బండి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఆగిపోతోంది. బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ ఎనిమిది కిలోమీటర్లు నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఎడమ చక్రం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మంది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పెట్టి, రబ్బరు బూట్లు, ప్యాడ్లు మార్పించాను. మూడో ట్యాంకు 305 కి.మీ., 23.1 లీటర్లు, 13.2. మొదటిసారి అంకె కదిలింది.

డిసెంబర్ 11

మసికి కారణం ఇంకా దొరకలేదు. హైవే మీద టెంపరేచర్ సూది సి (కోల్డ్) దగ్గర నుంచి లేవదు. ఏడాదిగా చూస్తూ, "ఇంజన్ చల్లగా ఉంది, మంచిదేగా" అని మురిసిపోయాను కూడా. ఇంజన్ చల్లగా ఉందని కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్ చెప్తే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, చలిలో ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పోసినట్టు. ముందు సెన్సరే అబద్ధం చెప్తోందేమో అనుకున్నాను. దాన్ని ఊడదీసి, గిన్నెలో నీళ్లు, థర్మామీటర్, మల్టీమీటర్ పెట్టుకుని స్టవ్ దగ్గర కూర్చున్నాను. గది వేడిలో 1.8 కిలో ఓమ్స్, 80 డిగ్రీలకు 300 ఓమ్స్ చిల్లర. వేడెక్కే కొద్దీ సాఫీగా తగ్గింది. సెన్సర్ నిజమే చెప్తోంది.

"ఒరేయ్, అది పాలగిన్నె రా!" అని వెనక నుంచి అమ్మ.

అయితే ఇంజన్ నిజంగానే వేడెక్కట్లేదన్నమాట. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వ్ థర్మోస్టాట్. దాని హౌసింగ్ రెండు బోల్టులు విప్పితే లోపల వాల్వే లేదు. ఖాళీ! అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఏడాది మే నెలలో రేడియేటర్ లీకైనప్పుడు రోడ్డు పక్క మెకానిక్ ఒకాయన, "మన ఎండలకి ఈ వాల్వ్ ఎందుకు సార్, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది" అని తీసేశాడు. నేను తలూపాను. తప్పులో సగం నాదే.

కొత్త వాల్వ్ మీద 82 అని కొట్టి ఉంది. బిగించే ముందు దాన్నీ అదే గిన్నెలో మరిగించాను (గిన్నె ఎలాగూ పోయింది). 80 దాటాక మెల్లగా నోరు తెరిచింది, చల్లారాక మూసుకుంది. గాస్కెట్, కూలెంట్‌తో కలిపి 1,150 రూపాయలు. ఇప్పుడు సూది పది నిమిషాల్లో సగానికి కాస్త కింద నిలబడుతోంది. నాలుగో ట్యాంకు 340 కి.మీ., 22.2 లీటర్లు, 15.3.

డిసెంబర్ 23

మైలేజీ దారికొచ్చింది గానీ లాగుడు రాలేదు. మూడు వేల ఆర్‌పీఎం దాటితే గొంతు నొక్కినట్టు ఉంటోంది. ఇంజన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ అరువు తెచ్చి, గాలి లోపలికి వెళ్లే పైపుకి (ఇన్‌టేక్ మానిఫోల్డ్) తగిలించాను. ఐడిల్‌లో సూది 17 (పాదరసం అంగుళాలు) దగ్గర వణుకు లేకుండా ఉంది, అంటే గాలి లీకు లేనట్టే. 2,500 దగ్గర రేజ్ పట్టి ఉంచితే ముందు 18కి వెళ్లి, అర నిమిషంలో మెల్లగా 12కి దిగింది. పొగ బయటికి పోయే దారి మూసుకుపోతే ఇలాగే దిగుతుంది. ఖాయం చేసుకోవడానికి, ఇంజన్ చల్లారాక, పొగ గొట్టంలో బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రం తెరిచే ఉంచి స్టార్ట్ చేశాం. ట్రాక్టర్ మోత, కానీ రేజ్ మాత్రం ఝామ్మని లేచింది. (వైర్లు వేడి గాలికి దూరంగా కట్టుకోవాలి, ఒక నిమిషం కంటే ఎక్కువ వద్దు.)

పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ దించి టార్చ్ వేస్తే, తేనెపట్టులా ఉండాల్సిన జల్లెడ సగం కరిగి ముద్దకట్టి ఉంది. ఏడాది పాటు మండని పెట్రోల్ దాంట్లోకి వెళ్లి అక్కడ మండింది మరి. తీసేసిన ఆ చిన్న వాల్వ్ చివరికి ఇంత పని చేసింది.

"లోపలిది పగలగొట్టి ఖాళీ పైపు పెట్టేద్దాం సార్, పైసా ఖర్చు లేదు" అన్నాడు ఆటోనగర్ ఆయన. ఒక భాగం పీకేసి బాగుచేశాం అనుకున్నందుకే ఇంత దూరం వచ్చాం, వద్దన్నాను. పైగా ఆ పైపుతో పొల్యూషన్ టెస్టులో గట్టెక్కుతుందన్న నమ్మకం లేదు. బయటి కంపెనీది కొత్తది 8,500 పడింది. ఐదో ట్యాంకు 352 కి.మీ., 21.3 లీటర్లు, 16.5.

జనవరి 4

మళ్లీ కోటప్పకొండ, మళ్లీ నలుగురం. సెకండ్‌లోనే ఎక్కింది, ఒక్క మలుపులో తప్ప ఫస్ట్ వేయలేదు. ఏసీ మాత్రం కట్టేశాను, అంత నమ్మకం ఇంకా కుదరలేదు. ఆక్సిజన్ సెన్సర్ విప్పినప్పుడు దాని ముక్కు మీద కూడా మసి పేరుకుని ఉంది. అదే బిగించి నడుపుతున్నాను. ఆరో ట్యాంకు కూడా 16.5 దగ్గరే ఆగితే అది మార్చి చూస్తాను.