మైసమ్మ ఉన్న కట్టకు నీరటి ఎందుకు: గుడిలో, మస్జిద్‌లో, చర్చిలో వాతావరణం మాట

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వాతావరణ మార్పు గురించి మైకు పట్టుకున్న ఎవరికైనా మొదట ఎదురయ్యేది ఈ మాటే: "వాన దేవుని చేతిల ఉంది, మనదేముంది?" దీన్ని ఖండించడానికి గ్రాఫులు తీశారంటే సభ అక్కడికే ముగిసినట్టు. ఒప్పుకునే మొదలుపెట్టాలి. వాన దేవుని చేతిలోదే. మరి కట్ట ఎవరి చేతిలోది? చెరువు కట్ట మీద మైసమ్మను నిలబెట్టిన పెద్దలే తూము తెరిచి మూయడానికి, మత్తడి కాడ చెత్త తీయడానికి నీరటిని కూడా పెట్టారు. అమ్మ ఉంది కదా అని నీరటిని మాన్పించిన ఊరు లేదు. దేవుని పని దేవునిది, మనిషి పని మనిషిది అన్న లెక్క మన దగ్గర ముందునుంచే ఉంది. మాట అక్కడ మొదలైతే ఎవరి భక్తికీ దెబ్బ తగలదు.

డబ్బు లాభం చెప్తే సరిపోదా, మతం ఎందుకు అని కొందరు అడుగుతారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. బోరు తెల్లవార్లూ నడిచినా రైతుకు బిల్లు రాదు. ఆ కరెంటులో పెద్ద వాటా మాత్రం బొగ్గు కాల్చి తీసేదే. బిల్లే లేని చోట పొదుపు అంటే ఎవరి చెవికెక్కుతుంది? అక్కడ గుడిలో ధర్మం అనాలి, మస్జిద్‌లో అమానత్ (దేవుడు అప్పజెప్పిన సొత్తు) అనాలి, చర్చిలో గృహనిర్వాహకత్వం (దేవుని సొత్తును కాపాడే బాధ్యత) అనాలి. ఎవరూ చూడని చోట కూడా మనిషిని పట్టి ఆపేవి ఆ మాటలే.

ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటొద్దు. ముందు కార్తెలు తీయండి. రోహిణిలో రోళ్లు పగలడం కొత్త కాదు, కానీ మృగశిర వచ్చి పోయినా విత్తనం పడని ఏడాదీ, పడ్డ విత్తనం ఒక్క కుండపోతకు కొట్టుకుపోయిన ఏడాదీ విన్నవాళ్లందరికీ యాదికి ఉంటాయి. తర్వాత కారణం, నాలుగు వాక్యాల్లో. బొగ్గు, డీజిల్, పెట్రోలు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటికి పోనీయదు. ఫ్యాక్టరీల కాలానికి ముందు అది గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే ఎండిన రోజులు పెరుగుతాయి, పడ్డప్పుడు మాత్రం ఒక్కసారే దంచికొడుతుంది. ఆ తర్వాతే మతగ్రంథంలోని వాక్యం, ఆ వెంటనే చేయాల్సిన పని. వాక్యంతో మొదలుపెట్టి కారణం మర్చిపోతే అది మామూలు ప్రవచనం అయిపోతుంది, జనం ప్రసాదం తీసుకుని ఇంటికి పోతారు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపురం మునిగిన సంగతి గద్వాల వైపు ఎవరిని అడిగినా చెప్తారు. ఆ వరదను చూపించి "ఇదే వాతావరణ మార్పు" అనొద్దు. ఒక్క వరదను ఒక్క కారణానికి అట్లా కట్టలేం. అట్లాంటి వానలు వచ్చే అవకాశం పెరుగుతోంది అనడం వరకే నిజం, అంతవరకే అనాలి.

ఇక గుడి. మత్స్యపురాణంలో పది బావులు ఒక దిగుడుబావికి, పది దిగుడుబావులు ఒక చెరువుకు, పది చెరువులు ఒక కొడుకుకు, పదిమంది కొడుకులు ఒక చెట్టుకు సమానం అని ఉంది. మంచి వాక్యమే. కానీ సంస్కృత శ్లోకం చదివితే జనం చేతులు జోడిస్తారు, వినడం ఆపేస్తారు. తాత్పర్యం తెలుగులో చెప్పి వదిలేయడం మేలు. అంతకన్నా బాగా పనిచేసేది సప్తసంతానాల మాట. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం: ఏడింటిలో గుడీ చెరువూ తోటా ఒకే వరుసలో ఉన్నాయి. గుడికి రంగులేయించడానికి చందా ఇచ్చే దాతకు చెరువు పూడిక తీయించడం కూడా అదే ఖాతా అని చెప్పొచ్చు. నల్లగొండ పక్కన పానగల్లులో అది కళ్లకు కనబడుతుంది. కందూరు చోడుల కాలపు ఉదయసముద్రం, పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం అన్నీ ఒక్క చోటే ఉన్నాయి. ఛాయా సోమేశ్వరంలో స్తంభం నీడ చూసి ఫొటో తీసుకుని పోయేవాళ్లను ఆ చెరువు దాకా తీసుకుపోయి మాట్లాడాలి.

అయితే సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో పురాణ శ్లోకానికి చోటే లేదు. అక్కడ లింగమంతుల స్వామి, గొర్లు, మేత. వేసవి పొడుగైతే మేత బీడు ఏమవుతుందో, గొర్లకు నీళ్లు ఎంత దూరం పోవాలో మాట్లాడాలి. మాట్లాడేది కూడా పంతులు కాదు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు, అమ్మవార్ల కథలు పాడే బైండ్లోళ్లు. కథ నడుమ పిట్టకథగా ఐదు నిమిషాలు ఇమ్మని వారం ముందే అడగాలి. రాసిచ్చిన కాగితం చదివించొద్దు. విషయం చెప్పి వదిలేస్తే వాళ్ల నోట అది వాళ్ల మాటగా వస్తుంది.

మస్జిద్‌లో జుమా (శుక్రవారం) నాటి అరబ్బీ ఖుత్బా ప్రసంగానికి దాని పద్ధతి దానికి ఉంది. అడగాల్సింది దానికి ముందు ఉర్దూలోనో తెలుగులోనో నడిచే బయాన్‌లో, అంటే మామూలు ప్రసంగంలో, చోటు. ఇమామ్‌నూ కమిటీనీ బుధవారం లోపే కలవాలి. "తినండి, తాగండి, మితిమీరకండి" అన్న ఖురాన్ 7:31 అందరికీ తెలిసిన ఆయత్. పారే నది ఒడ్డున వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసినా నీళ్లు వృథా చేయొద్దన్న హదీసును (ప్రవక్త మాటను) చాలామంది చెప్తారు, కానీ దాని సనద్ (అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న వరుస) బలహీనమని పండితులే అంటారు. సభలో ఒక్క ఆలిమ్ (మతపండితుడు) లేచి అది ఎత్తి చూపితే మొత్తం మాట పలచనవుతుంది. ప్రవక్త ఒక ముద్ నీటితో వజూ చేసేవారన్న హదీసు బలమైనది. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు. బయాన్ అయ్యాక వజూఖానాలో ఒక్కొక్కరి కుళాయి కింద బకెట్ పెట్టి, మామూలుగా వజూ చేయమని, పడ్డ నీళ్లు కొలవండి. ఆ బకెట్ చేసే పని గంట ఉపన్యాసం చేయదు. తర్వాత మెకానిక్‌ను పిలిచి కుళాయిల వాల్వు సగానికి తిప్పించడం పది నిమిషాల పని.

చర్చిలో అడ్డంకి వేరే. "భూమిని లోబరచుకొనుడి" అన్న ఆదికాండము 1:28 ఒకవైపు, "ఈ లోకం ఎట్లాగూ గతించిపోతుంది" అన్న నమ్మకం ఇంకోవైపు. మొదటిదానికి జవాబు తర్వాతి అధ్యాయంలోనే ఉంది: ఏదెను తోటను సేద్యపరచడానికీ, దాన్ని కాయడానికీ నరుణ్ని అక్కడ ఉంచాడు (2:15). ఇంకొందరు 8:22 తీస్తారు, వెదకాలమూ కోతకాలమూ ఉండక మానవు అని దేవుడే మాటిచ్చాడు కదా అని. వాళ్లతో వాదన పెట్టుకోకుండా 41వ అధ్యాయానికి పోవాలి. ఆ మాట ఉండగానే ఐగుప్తుకు (ఈజిప్టుకు) ఏడేళ్ల కరువు వచ్చింది. యోసేపు ముందే తెలుసుకుని పంటలో అయిదో వంతు కొట్లలో పోయించాడు. ముందస్తు హెచ్చరికను నమ్మి, దానికి తగ్గ ఏర్పాటు చేసుకోవడం భక్తికి విరుద్ధం కాదని చెప్పడానికి ఇంతకు మించిన కథ నాకు కనబడలేదు, అందులోనూ కరువులకు వలస బస్సెక్కిన పాలమూరులో. కోత పండుగ ఆదివారం దీనికి సరైన రోజు.

2015లో పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద విడుదల చేసిన లౌదాతో సీ, అదే ఏడాది ఆగస్టులో ఇస్తాంబుల్‌లో వాతావరణ మార్పు మీద వచ్చిన ఇస్లామిక్ ప్రకటన పెద్ద పత్రాలే. కానీ అవి పనికొచ్చేది ఫాదర్‌నో ఇమామ్‌నో ఒప్పించడానికి, జనానికి చదివి వినిపించడానికి కాదు. పోప్ కిందికి రాని మహబూబ్‌నగర్ ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరెన్) చర్చిలోనో నల్లగొండ బాప్టిస్టు చర్చిలోనో ఆయన పేరు ఎత్తితే ఉన్న చెవులు కూడా మూసుకుంటాయి.

ఇప్పుడు చెడిపోయే చోట్లు. అన్నిటికన్నా ప్రమాదం శిక్ష భాష. "మనం పాపం చేసినం, అందుకే కరువు" అంటే సభ కదులుతుంది, నిజమే. కానీ వాతావరణ దెబ్బ ముందు తగిలేది సెంటు భూమి లేని కూలీకి, కాల్చిన బొగ్గులో అతని వాటా దాదాపు లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన పిల్లల తల్లులకు కర్మ అని చెప్పినవాళ్లు ఉన్నారు. అది నేల కింది రాళ్లలోంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్. ఆ తల్లుల ముందు మళ్లీ అదే పాట పాడొద్దు.

రెండోది పవిత్రత భాష. అమెరికాలో ఫైన్‌బర్గ్, విల్లర్ అనే పరిశోధకులు 2013లో అచ్చేసిన అధ్యయనంలో, ప్రకృతి మలినమైపోతోందన్న తీరులో చెప్తే సంప్రదాయవాదులు కూడా పర్యావరణం వైపు మొగ్గారని తేలింది. దాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే కొంప మునుగుతుంది. మన ఊళ్లో "చెరువు మైలపడ్డది" అనగానే తర్వాతి ప్రశ్న "ఎవరి వల్ల" అని వస్తుంది, వేలు దళితవాడ వైపు పోతుంది. బావి కాడ అంటు పాటించిన ఊళ్లలో ఈ పదాలకు పాత గాయం ఉంది. రుణం అనండి, కాపలా అనండి, పిల్లలకు అప్పజెప్పాల్సిన సొత్తు అనండి. మైల, అంటు, శుద్ధి మాత్రం మైకులోకి రానీయొద్దు.

"మన వేదాల్లో గ్లోబల్ వార్మింగ్ ముందే ఉంది" అనడం ఇంకో తప్పు. ఇంటర్ చదివే పిల్లవాడు ఫోన్ తీసి చూస్తాడు, అంతే. ప్లాస్టిక్ గురించి మాట్లాడి దాన్నే వాతావరణ మార్పు అనుకోనివ్వడం కూడా తప్పే. జాతరలో ప్లాస్టిక్ గ్లాసులు మాన్పించడం చెరువుకు మంచిది, కానీ భూమి వేడెక్కడంలో దాని వాటా చిన్నది. మిర్యాలగూడ, హాలియా వైపు అసలు మాట వరి. నిండా నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడక మట్టిలో మీథేన్ పుడుతుంది. మడిని మధ్యమధ్య ఆరబెడితే అది మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి.

అందుకు కావలసింది అడుగు పొడవు, నాలుగు నుంచి ఆరు ఇంచుల పీవీసీ పైపు ముక్క. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ రెండేసి సెంటీమీటర్ల దూరంలో బెజ్జాలు కొట్టాలి. బెజ్జాల భాగం మట్టిలోకి దిగేలా, పది సెంటీమీటర్లు పైకి ఉండేలా గట్టు దగ్గర పాతాలి. ఎత్తు చోట పాతినా పల్లం చోట పాతినా లెక్క తప్పుతుంది. లోపలి మట్టి తీసేయాలి, చాలామంది ఇదే మర్చిపోతారు, అప్పుడు పైపులో నీళ్లు కనబడవు. నాటు వేసిన పదిహేను రోజుల తర్వాత మొదలుపెట్టాలి. కలుపు ఎక్కువుంటే ఇంకో వారం, రెండు వారాలు ఆగాలి. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్లీ ఐదు సెంటీమీటర్లు పెట్టాలి. యూరియా ఆరిన మడిలో చల్లి వెంటనే తడి పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఆరనీయొద్దు, గింజ తాలవుతుంది. బోరు కింద ఇది సులువు. కాలువ కింద వంతు ప్రకారం నీళ్లొచ్చే చివరి భూముల రైతును దీనికి ఒత్తిడి చేయొద్దు, నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో అతని చేతిలో లేదు. చౌడు నేలకు కూడా వద్దు.

ఈ పైపును గుడిలో దేవుని ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి రైతు చేతికి ఇవ్వడం నాటకంలా అనిపించొచ్చు. కానీ షాపులో కొన్న పైపు కొట్టంలో పడి ఉంటుంది, దేవుని ముందు తీసుకున్నది మడిలోకి పోతుంది. వరుణయాగం చేసే ఊరినీ, కప్పతల్లి ఆడే పిల్లలనూ ఎగతాళి చేయొద్దు. యాగం అయిన మర్నాడే తూము రిపేరు పెట్టించండి.

మొక్కల గురించి కొంచెం. భక్తితో నాటేవాళ్లు చెరువు కట్ట మీదే నాటుతారు. పెద్ద చెట్టు వేరు చచ్చి కుళ్లిన దారిలో నీరు ఊరి కట్టకు గండి పడుతుంది. రావి, మర్రి కట్ట మీదా వద్దు, గుడి గోడ పక్కనా వద్దు. జమ్మి, వేప బాటల పక్కన, బంచరాయిలో (ఊరి బీడు భూమిలో) పెట్టాలి. బోర్డు మీద నాటిన నాయకుని పేరు కాదు, రెండు ఎండాకాలాలు నీళ్లు పోసినవాళ్ల పేరు రాయాలి. పూజ ఒక్కటే చెట్టును నిలబెట్టదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లదంటారు, కింద సమాధులున్నాయి, మొక్కేవాళ్లు ఉన్నారు. అయినా చెదలు తొలిచి పెద్ద కొమ్మ విరిగింది. 2018లో క్లోర్‌పైరిఫాస్ పలచగా కలిపి సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్క ఎక్కించాల్సి వచ్చింది, సందర్శకులను ఆపాల్సి వచ్చింది.

ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా పంటను బట్టే. యాసంగి నాట్లు డిసెంబర్, జనవరిలో పడతాయి. కార్తీకంలో కురుమూర్తి జాతర, ఉసిరి చెట్ల కింద వనభోజనాలు, చాలా చర్చిల్లో కోత పండుగ కొంచెం అటూ ఇటూగా ఆ రోజుల్లోనే. పైపులు కోయించి బెజ్జాలు కొట్టించడానికి నెల చేతిలో ఉంటుంది. సంక్రాంతి తర్వాత చెప్తే అప్పటికే మళ్లు నిండి ఉంటాయి, ఆ ఏడాదికి లాభం లేదు.