జీడిపప్పు నంబర్ల గొడవ

తిరుపతిలో పెళ్లిళ్లకు వండే మాస్టర్లు జీడిపప్పు కొనేటప్పుడు ముందు అడిగేది నంబరే. డబ్ల్యూ 180, 240, 320 అంటే ఒక పౌండుకి సుమారు ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) తూగుతాయన్న లెక్క, కాబట్టి నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, ధరా దిగుతుంది. పులావు మీద కనబడాలంటే 240 సరే, గ్రేవీకి రుబ్బడానికి కూడా గుండ్లే కావాలంటే ఎట్లా సామీ, బద్దలు చాలవా?

కిస్మిస్ సంగతి వేరే. బంగారు రంగులో మెరిసేవాటికి మామూలుగా సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు, అందుకే నల్లబడవు. నేనైతే గుప్పెట్లో నొక్కి చూస్తా, ముద్దకట్టి విడిపోకపోతే తీసుకోను.

నేతిలో ఉబ్బగానే తీసేయాలి, ఆలస్యమైతే చేదే. మా వీధి మాస్టరు జీడిపప్పు ఎర్రబడ్డాకే కిస్మిస్ వేస్తాడు, రెండూ ఒకేసారి వేసే కుర్రాళ్లను గరిటె చూపించి బెదిరిస్తాడు.