బేగంబజార్ పసుపు కొమ్ములు

శనివారం, రాత్రి.

ఏడాదికి సరిపడా పసుపు కొనాలని పొద్దున అమ్మను తీసుకొని బేగంబజార్ వెళ్లాను. అమ్మకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైందని ఫోన్‌లో నోరు జారినందుకు అన్నయ్య కర్కుమిన్ (పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం) గుళికల సీసా ఒకటి పంపాడు. “వంటింట్లో పసుపు పెట్టుకొని సీసాలు కొనడమేమిటి?” అని అమ్మ దారిపొడవునా సణుగుతూనే ఉంది.

నిజానికి ఆమె లెక్కా పూర్తిగా సరికాదు. పసుపు పొడిలో కర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్లే కాబట్టి, రోజుకు ఒక గ్రాము పసుపు మన కడుపులోకి వెళ్లినా అందేది 30 మిల్లీగ్రాములు, అందులోనూ రక్తంలోకి చేరేది అత్యల్పం. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు, మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే ఆ చేరిక దాదాపు 20 రెట్లు పెరిగింది. మా మిరియాల చారుకు అంత శక్తి ఉందని చెప్పను గానీ, ఆ జోడీ మాత్రం మన పోపులపెట్టెలో ఎప్పటినుంచో ఉన్నదే. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రకటించిన అధ్యయనంలో, రక్తంలో సులువుగా కలిసేలా తయారుచేసిన 90 మిల్లీగ్రాముల కర్కుమిన్‌ను రోజుకు రెండుసార్లు 18 నెలలు తీసుకున్నవారికి జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగు కనిపించింది. అయితే అందులో పాల్గొన్నది 40 మందే, వారిలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవారు లేరు.

దుకాణదారు ముందుగా నిగనిగలాడే కొమ్ములు చూపించాడు. అమ్మ వాటిని పక్కకు నెట్టి, మట్టిరంగు వదలని గరుకు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, వాసన చూసి, అవే తూచమంది. కొమ్ములకు మెరుపు కోసం బంగ్లాదేశ్‌లో లెడ్ క్రోమేట్ అనే సీసపు పసుపురంగు పూస్తున్న సంగతి 2019లో పరిశోధకులు బయటపెట్టారు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. మెదడుకు మేలని తినే పసుపే ఆ విషాన్ని మోసుకురాగలదని అమ్మకు నేను చెప్పలేదు, ఆమె ఎంపికకు ఆ అవసరమూ లేకపోయింది.

కుంకుమపువ్వు కూడా చూడమన్నాడు. తేలికపాటి కుంగుబాటుకు రోజుకు 30 మిల్లీగ్రాములు ఇచ్చి టెహ్రాన్‌లో చేసిన చిన్న ప్రయోగాలు ఆశాజనకంగానే ఉన్నాయి గానీ, ధర వినగానే నా ఉత్సాహం చల్లారింది. షాజీరా, మిరియాలు కట్టించుకొని వచ్చేశాం.

అన్నయ్య సీసాను డాక్టరుకు చూపించేదాకా తెరవకూడదని ఫ్రిజ్ మీద పెట్టాను. అమ్మ రక్తం పలుచబడే మాత్రలు వాడుతోంది, వాటితో ఈ గుళికలు పడకపోవచ్చు, పైగా మిరియాల సారం కలిపిన పసుపు గుళికలతో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు నమోదు చేశారు.

కొమ్ములు మేడమీద ఎండబెట్టి సాయంత్రం కిందికి దించాము. రేపు గిర్నీకి తీసుకెళ్లాలి. వాటిని దించామా అని అమ్మ మూడుసార్లు అడిగింది. మూడోసారి నేను కాస్త విసుక్కున్నాను.